కొత్త ఉప్పునీటి తొట్టికి లైవ్ రాక్ మాగబెట్టడం: రాయి సిద్ధమైందని ఎలా తెలుసుకోవాలి?

బరంపురం_కొత్తతొట్టి | ఫిబ్రవరి 4

సభ్యులందరికీ నమస్కారం. నేను గంజాం జిల్లా బరంపురంలో ఉంటాను. పదేళ్లుగా మంచినీటి చేపలు పెంచుతున్నాను, ఉప్పునీటి తొట్టి మాత్రం ఇదే మొదటిది. తొట్టి 200 లీటర్లది. దానిలోకి 20 కిలోల లైవ్ రాక్ (మేలుచేసే బ్యాక్టీరియా, చిన్న జీవులు కాపురమున్న రాయి) దూరప్రాంతపు దుకాణం ఒకదాని నుంచి తెప్పించుకున్నాను. అది పూర్తిగా క్యూరింగ్ అయిన, అంటే మాగబెట్టిన రాయి అనీ, అందిన రోజే తొట్టిలో అమర్చుకోవచ్చనీ వారు ఫోనులో చెప్పారు. పెట్టె విప్పి చూస్తే రాయి ఎండిపోయి బూడిద రంగులో ఉంది, కొన్ని రంధ్రాల లోపల గోధుమ రంగు పొర తోలులాగా అంటుకుని ఉంది. అది మామూలే కాబోలనుకుని ఆదివారం ఉప్పునీరు కలిపి రాళ్లన్నీ పేర్చేశాను.

బుధవారం ఉదయానికి నీరు పాలు కలిపినట్టు తెల్లబడింది. గది తలుపు తీస్తే ఎండుచేపల సంతలో నిలబడినట్టు వాసన వస్తోంది. అమోనియా పరీక్ష చేస్తే సీసాలోని నీరు ముదురు ఆకుపచ్చకు తిరిగింది, రంగుల పట్టికలో అది 4 పీపీఎం (పది లక్షల వంతులలో 4 వంతులు) దగ్గర ఉంది. తొట్టి ఉన్న గదికి పక్కనే దేవుడి గది కావడంతో అమ్మ చాలా ఇబ్బంది పడుతోంది. చేపలను ఇంకా వేయలేదు. ఈ రాయిని పారవేయాలా, బాగుచేసుకోవచ్చా, బాగుచేసుకుంటే ఎన్నాళ్లు పడుతుంది? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

గోపాలపూర్_కెరటం | ఫిబ్రవరి 4

తమ్ముడూ, రాయిని పారవేయవద్దు. చేపలు వేయకముందే ఇది బయటపడడం మంచిదయింది. మీకు అందినది లైవ్ రాక్ కాదు, ఎండు రాయి. రంధ్రాలలో తోలులాగా కనిపించిన పొర ఒకప్పుడు ఆ రాయిలో బతికిన స్పాంజి జీవులు, పురుగులు, నాచు ఎండిపోగా మిగిలిన పదార్థం. ఎండి ఉన్నంతకాలం అది అలాగే పడి ఉంటుంది, నీరు తగిలిన మరుక్షణం నుంచి నాని కుళ్లడం మొదలుపెడుతుంది. మీరు చూసిన అమోనియా ఆ కుళ్లులోంచి వచ్చినదే.

నానబెట్టడం వేరు, మాగబెట్టడం వేరు. రాయి మాగిందని అనాలంటే రెండు పనులు పూర్తి కావాలి. అందులోని చచ్చిన పదార్థమంతా కుళ్లి బయటికి పోవాలి, ఆపైన అమోనియాను నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా ఆ రంధ్రాలలో కాపురం పెట్టాలి. మొదటి పని ముగియకుండా రెండవది నిలకడగా సాగదు.

రాయినంతా తొట్టిలోంచి తీసి, డాబా మీద నీడ ఉన్న చోట మూత గల ప్లాస్టిక్ డ్రమ్ములోకి మార్చండి. అది తినుబండారాలు నిల్వ చేసిన డ్రమ్ము అయి ఉండాలి. రంగులో పురుగుమందులో ఉంచిన డ్రమ్ము ఎంత కడిగినా పనికిరాదు. మార్చేముందు ఒక్కొక్క రాయినీ బకెట్టు నీటిలో ముంచి నైలాను బ్రష్షుతో రుద్దండి, లోతైన రంధ్రాలలోని పొరను ఊలు అల్లే సూదితో పెకలించండి. ఇనుప బ్రష్షు వాడవద్దు, దాని తుప్పు రాతిలో మిగిలిపోతుంది. తోమిన ప్రతి రాయినీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. చాలాసార్లు ఒకటి రెండు రాళ్లే డ్రమ్మునంతా పాడుచేస్తాయి, వాటిని వేరే బకెట్టులో ఉంచడం మేలు.

నీటి సాంద్రత 1.025, వేడి 25 నుంచి 27 డిగ్రీలు ఉండాలి. నీరు అడుగు నుంచి పైకి తిరిగేలా నీటిని తోసే చిన్న పంపు, అంటే ఒక పవర్‌హెడ్ పెట్టండి, స్కిమ్మర్ (నురుగుతో మురికిని బయటికి లాగే పరికరం) ఉంటే దాన్నీ డ్రమ్ములోనే నడపండి. వెలుతురు అసలు వద్దు, వెలుతురు తగిలితే బ్యాక్టీరియాకంటే ముందు వెంట్రుకనాచు పెరుగుతుంది. వారానికి ఒకసారి సగం నీరు మార్చి, అడుగున పేరుకున్న మడ్డిని గొట్టంతో లాగేయండి. సాధారణంగా 4 నుంచి 8 వారాలు పడుతుంది.

ఒక్క హెచ్చరిక. తొందరగా అవుతుందని ఎవరైనా రాయిని ఉడకబెట్టమంటే ఆ పని చేయవద్దు. జోఆంథిడ్లు అనే, మెత్తటి పగడాల వంటి జీవులలో కొన్నింటికి పాలీటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. అవి అంటుకుని ఉన్న రాయిని మరిగించి, ఆ ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైన కుటుంబాలు ఉన్నాయి.

జయపురం_చేప | ఫిబ్రవరి 5

నేనూ ఇదే పనికి సిద్ధమవుతున్నాను కాబట్టి రెండు సందేహాలు అడుగుతున్నాను. గోపాలపూర్‌లో వలలు లాగేవారు మన తెలుగువారే కదా, దుకాణాలకు డబ్బు పోసే బదులు సముద్రపు రాయినే వారిచేత తెప్పించుకోకూడదా? రెండవది, పారబోసే డ్రమ్ము నీటికి ఖరీదైన ఉప్పు పొడి ఎందుకు, హుమా ఉప్పు మడుల నుంచి వచ్చే కళ్లుప్పు సరిపోదా?

గోపాలపూర్_కెరటం | ఫిబ్రవరి 5

మొదటి దానికి సమాధానం కచ్చితంగా వద్దనే. మన గంజాం తీరం ఇసుక తీరం, ఇక్కడ పగడపు దిబ్బలు లేవు. మన్నారు సింధుశాఖ, కచ్ఛ్ సింధుశాఖ, లక్షద్వీపాలు, అండమాన్ నికోబార్ దీవులలో అవి ఉన్నాయి గానీ, గట్టి పగడాలన్నింటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికి ఉన్న రక్షణే పగడానికీ ఉంది. పగడపు దిబ్బ నుంచి తీసిన రాయి ఎవరి దగ్గర దొరికినా కొనకండి. మన అభిరుచి కోసం సముద్రంలో ఒక్క రాయి కూడా కదలకూడదని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను. చేత్తో చేసిన రాయి, గనుల నుంచి తవ్వితీసిన పాతకాలపు పగడపు శిల, మాగిన తొట్టి ఉన్నవారిని అడిగి తెచ్చుకున్న పిడికెడు ముక్క, ఇవి చాలు.

ఉప్పు సంగతి. మడిలో సముద్రపు నీరు ఎండుతున్నప్పుడు సున్నపు లవణాలు, జిప్సం ముందుగా అడుగుకు దిగుతాయి. ఆ తరువాత మనం తినే ఉప్పు గడ్డకడుతుంది. మెగ్నీషియం, పొటాషియం లవణాలు మిగిలిన చిక్కటి నీటిలోనే ఉండిపోతాయి. అందువల్ల కళ్లుప్పును తిరిగి నీటిలో కరిగించినంత మాత్రాన అది సముద్రపు నీరు కాదు. సముద్రంలో లీటరుకు సుమారు 410 మిల్లీగ్రాముల కాల్షియం, 1300 మిల్లీగ్రాముల మెగ్నీషియం, వాటితోపాటు పీహెచ్‌ను నిలబెట్టే క్షారత్వం ఉంటాయి. ఆ క్షారత్వం లేకపోతే బ్యాక్టీరియా పని కుంటుపడుతుంది. ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే వానాకాలం రాకముందు, అలలు విరిగే చోటు దాటి పడవలో వెళ్లి సముద్రపు నీటినే తెచ్చుకోండి. ఋషికుల్య నది సముద్రంలో కలిసే వైపు నుంచి మాత్రం తేవద్దు. వానల తరువాత నదుల నీరు కలిసి బంగాళాఖాతపు పైపొర బాగా పలచబడుతుంది, సాంద్రత కొలవకుండా ఆ నీటిని నమ్మకూడదు.

రాయగడ_రసాయనం | ఫిబ్రవరి 6

నేను రసాయనశాస్త్రం బోధిస్తాను, తొట్టి పెట్టి ఆరేళ్లయింది. కెరటం గారి పద్ధతి ప్రాణమున్న తడి రాయికి సరిగ్గా వర్తిస్తుంది. దానిలో కాపాడుకోవలసిన జీవరాశి ఉంది కనుక నిదానంగా కుళ్లనిచ్చి, బతికినదాన్ని నిలుపుకోవాలి. కొత్తతొట్టి గారి రాయి మాత్రం పూర్తిగా ఎండినది, కాపాడుకోవడానికి అందులో ఏమీ మిగల్లేదు. ఆ సేంద్రియ పదార్థం కుళ్లేదాకా రెండు నెలలు ఎదురుచూసి, ఇంటిల్లిపాదినీ ఆ వాసనకు గురిచేయడంకంటే, ఒకేసారి బ్లీచింగ్ ద్రావణంతో దాన్ని ఆక్సీకరణం చేసివేయడం మంచిదని నా అభిప్రాయం.

పద్ధతి ఇది. సువాసనలు, నురుగు కలపని మామూలు సోడియం హైపోక్లోరైటు ద్రావణాన్ని ఒక వంతుకు పది వంతుల మంచినీరు కలిపి, రాయిని ఒకటి రెండు రోజులు అందులో ఉంచండి. చేతితొడుగులు తప్పనిసరి. తరువాత మూడు నాలుగుసార్లు మంచినీటితో కడిగి, మిగిలిన క్లోరిన్ను తీసేసే సోడియం థయోసల్ఫేటు కలిపిన నీటిలో ఒక రోజు ఉంచి, క్లోరిన్ వాసన ఏమాత్రం లేకుండా పోయేదాకా ఎండలో ఆరబెట్టండి. కొందరు ఆపైన పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచి రాతి పైపొరను కరిగిస్తారు, పైపొరతోపాటు దానికి పట్టిన, నాచును పెంచే ఫాస్ఫేటు కూడా పోతుంది. ఆ పని అవసరమైతేనే, ఆరుబయటే, ఆమ్లాన్ని నీటిలో పోస్తూ చేయాలి. ఆమ్లంలో నీటిని ఎన్నడూ పోయకూడదు. బ్లీచింగ్ తడి పూర్తిగా వదలని రాయికి ఆమ్లం తగిలితే క్లోరిన్ వాయువు పుడుతుంది, అది ప్రాణాంతకం. మరుగుదొడ్లు కడిగే ద్రావణాలలో ఆమ్లంతోపాటు రంగులు, సబ్బు పదార్థాలు ఉంటాయి కాబట్టి వాటిని రాయి దగ్గరికి రానివ్వవద్దు.

ఫాస్ఫేటు గురించి ముందే చెప్పడం అవసరం. సున్నపురాయి ఫాస్ఫేటును తనలోకి లాక్కుంటుంది, నీటిలో అది తగ్గినప్పుడల్లా తిరిగి వదులుతుంది. నీరు మార్చిన మరునాడు పరీక్షించి తగ్గిందని సంతోషిస్తే, వారం తిరిగేసరికి మళ్లీ పెరిగి ఉంటుంది. అందువల్ల నీరు మార్చిన ఐదారు రోజులకు వచ్చే అంకెనే లెక్కలోకి తీసుకోండి.

గోపాలపూర్_కెరటం | ఫిబ్రవరి 6

రసాయనం మాస్టారు చెప్పినది నిజం. నా అలవాటు తడి రాయితో ఏర్పడినది, ఎండు రాయికి కూడా అదే చెప్పడం నా పొరపాటు. తమ్ముడూ, మాస్టారి మాట ప్రకారం చేయండి.

తడి రాయితో నా అనుభవం ఎలాంటిదో కూడా చెబుతాను, ఎవరికైనా అవసరం పడవచ్చు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. మా వీధికి తొమ్మిది రోజులపాటు కరెంటు రాలేదు. బ్యాటరీ పంపు రెండవ రోజుకే ఆగిపోయింది. నేను కప్పుతో నీటిని ముంచి పై నుంచి పోస్తూ గంటకొకసారి గాలి అందించాను, రాత్రిళ్లు మాత్రం నిద్ర ఆగలేదు. నీటి కదలిక లేక రాతి లోపలి జీవులు ఊపిరాడక చచ్చాయి. కరెంటు వచ్చిన రోజు ఒక రాయిని విరిచి చూశాను, పైన ఊదారంగు నాచు చక్కగానే ఉంది గానీ లోపల గోరంత మందాన నల్లటి చార ఏర్పడింది, కుళ్లిన గుడ్డు వాసన వేసింది. ఏడేళ్లుగా పెరిగిన రాయిని మళ్లీ డ్రమ్ములో వేసి మొదటి నుంచి మాగబెట్టవలసి వచ్చింది. ఆ డ్రమ్ము ముందు కూర్చుని కన్నీళ్లు పెట్టుకున్న మాట వాస్తవం. రాయి పైపైన అందంగా ఉన్నంత మాత్రాన లోపల బాగున్నట్టు కాదు.

పర్లాకిమిడి_మేస్త్రి | ఫిబ్రవరి 8

నేను ఇళ్లు కట్టే పనిలో ఉన్నవాణ్ణి, నా తొట్టిలోని రాయినంతా నేనే పోసుకున్నాను. తెల్ల సిమెంటు ఒక వంతు, కోళ్ల దాణాలో కలిపే ఆల్చిప్పల నూక రెండు వంతులు, పెద్ద పలుకుల కళ్లుప్పు ఒకటిన్నర వంతు వేసి, ముద్ద కట్టేంత నీరు మాత్రమే చల్లి, తడి ఇసుకలో చేసిన గుంటలలో పోశాను. ఉప్పు పలుకులు తరువాత నీటిలో కరిగిపోయి రంధ్రాలు మిగులుస్తాయి.

మా పనిలో కూడా క్యూరింగ్ అనే మాటే ఉంది, ఈ రెండింటినీ కలిపేసుకుని నేను మొదట దెబ్బతిన్నాను. స్లాబుకు నీరు కట్టినట్టు ఇరవై ఒక్క రోజులు నీళ్లలో ఉంచి, అయిపోయిందనుకున్నాను. సిమెంటు గట్టిపడడం పూర్తయింది గానీ, దానిలోని సున్నం నీటిలోకి దిగుతూనే ఉంది. పరీక్షిస్తే నీటి పీహెచ్ 11 దాటింది. నీరు మారుస్తూ పోగా, వారంపాటు నీరు మార్చకపోయినా పీహెచ్ 8.4 దాటని స్థితి రావడానికి రెండున్నర నెలలు పట్టింది. అప్పటి నుంచి బ్యాక్టీరియాకోసం మాగబెట్టడం మొదలవుతుంది. పగడపు దిబ్బకు నష్టం లేని రాయి కావాలనుకునేవారు ఓపిక ఉంటే ఈ పని చేసుకోవచ్చు.

బరంపురం_కొత్తతొట్టి | ఫిబ్రవరి 16

అందరికీ కృతజ్ఞతలు. తొట్టిని ఖాళీ చేసి తుడిచి, రాయిని డాబా మీదికి చేర్చాను. ఊలు సూదితో పెకలిస్తే 20 కిలోలకు దాదాపు ఒక టీ గ్లాసు నిండా గోధుమ రంగు ముద్ద వచ్చింది. మాస్టారు చెప్పినట్టు రెండు రోజులు బ్లీచింగ్‌లో ఉంచి, థయోసల్ఫేటుతో కడిగి, ఐదు రోజులు ఎండబెట్టాను. రాయి ఇప్పుడు సుద్దముక్కలా తెల్లగా ఉంది. ముక్కుకు ఆనించి చూస్తే ఏ వాసనా లేదు. అమ్మ కూడా వాసన చూసి సరేనంది. ఈ రోజు ఆర్‌ఓ నీటిలో ఉప్పు కలిపి డ్రమ్ము నింపాను. ఇప్పుడు ఇందులో కుళ్లడానికి ఏమీ లేదు కాబట్టి బ్యాక్టీరియాకు ఆహారం ఎక్కడి నుంచి వస్తుంది? కళాయి వేసేవారి దగ్గర దొరికే నవాసారం అమోనియం క్లోరైడే కదా, అది వాడవచ్చా?

రాయగడ_రసాయనం | ఫిబ్రవరి 16

నవాసారం అమోనియం క్లోరైడే. అయితే కళాయి పనికి అమ్మేదానిలో శుద్ధత ఉండదు, లోహపు మలినాలు ఉంటే అవి రాతికి పట్టుకుంటాయి. ప్రయోగశాలలకు అమ్మే శుద్ధమైన రకాన్ని చిన్న సీసా తీసుకోండి. 100 లీటర్ల నీటిలో అమోనియా 2 పీపీఎం రావాలంటే సుమారు 0.63 గ్రాములు సరిపోతుంది, బంగారం తూచే చిన్న త్రాసు మీద తూచండి. ఎక్కువ వేస్తే త్వరగా అవుతుందనుకోవడం సరికాదు, అమోనియా మితిమీరితే ఆ బ్యాక్టీరియా ఎదుగుదలే ఆగుతుంది. బ్యాక్టీరియా విత్తనంకోసం మాగిన తొట్టిలోని రాయి ముక్క ఒకటి డ్రమ్ములో వేయండి.

గోపాలపూర్_కెరటం | ఫిబ్రవరి 17

తమ్ముడూ, ఆదివారం మా ఇంటికి రండి. నా తొట్టిలోంచి పిడికెడు ముక్క ఇస్తాను, అది సిమెంటుతో పోసినదే. తడి వార్తాపత్రికలో చుట్టి, ఐస్‌పెట్టెలో పెట్టుకుని గంటలోపు డ్రమ్ములో వేసేయండి.

బల్లార్షా_ఉప్పునీరు | ఫిబ్రవరి 28

మాది మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా. ఎండల కాలంలో రాయి మాగబెట్టేవారికోసం రాస్తున్నాను, ఎందుకంటే మా వైపు మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటడం ఏటా చూస్తాం. నిరుడు రేకుల షెడ్డు కింద డ్రమ్ము పెట్టాను. మధ్యాహ్నానికి నీరు 36 డిగ్రీలకు చేరింది. నీరు వేడెక్కినకొద్దీ అందులో నిలిచే ఆక్సిజన్ తగ్గుతుంది, కుళ్లే పదార్థం అడిగే ఆక్సిజన్ పెరుగుతుంది. ఈ రెండూ ఒకే రోజున కలిసివచ్చి మూడు వారాల శ్రమ ఒక్క మధ్యాహ్నంలో పోయింది, నీరు నల్లబడింది.

ఈ ఏడు డ్రమ్మును వంటింటి పక్క నడవాలోకి మార్చాను, చుట్టూ తడి గోనెసంచి కప్పి నీటి మట్టానికి ఎదురుగా చిన్న పంకా పెట్టాను. నీరు మూడు నాలుగు డిగ్రీలు తగ్గుతోంది. అయితే పంకా గాలికి రోజూ రెండు మూడు లీటర్ల నీరు ఆవిరవుతుంది, ఉప్పు మాత్రం అలాగే ఉంటుంది. తగ్గిన నీటికి బదులు ఉప్పు లేని ఆర్‌ఓ నీటినే పోయాలి. ఆ సంగతి తెలియక ఉప్పునీరు పోస్తూ వెళ్లిన మిత్రుడి డ్రమ్ములో సాంద్రత 1.034కు చేరింది. డ్రమ్ము మీద నీటి మట్టం దగ్గర ఒక గీత గీసుకోండి, ఉదయం పూట ఆ గీత వరకు నింపండి. మా బోరు నీటిలో గట్టిదనం ఎక్కువ, దాన్ని నేరుగా వాడితే ఆ లవణాలు కూడా రోజురోజుకూ పేరుకుంటాయి.

బరంపురం_కొత్తతొట్టి | మార్చి 10

ఇరవై రెండవ రోజు. అమోనియా 2 పీపీఎం నుంచి మూడు రోజులలో సున్నాకు దిగుతోంది, కానీ నైట్రైటు పట్టికలో చివరి రంగు దాటి ముదురు ఊదాలో రెండు వారాలుగా నిలిచిపోయింది. నైట్రేటు కూడా 100 పైన చూపిస్తోంది. ఏదైనా తప్పు చేస్తున్నానా?

రాయగడ_రసాయనం | మార్చి 10

తప్పేమీ లేదు. నైట్రైటును తినే బ్యాక్టీరియా నిదానంగా పెరుగుతుంది, అమోనియా తినేవి స్థిరపడ్డాకే వాటి వంతు వస్తుంది. నైట్రైటు ఎక్కువగా ఉన్నప్పుడు నైట్రేటు పరీక్ష దాన్ని కూడా కలిపి చూపిస్తుంది కాబట్టి ఆ 100 అనే అంకెను ఇప్పుడు నమ్మవద్దు. సముద్రపు నీటిలో క్లోరైడు విస్తారంగా ఉండడంవల్ల మంచినీటి చేపలకు ఉన్నంత ప్రమాదం ఇక్కడ నైట్రైటుతో ఉండదు. అసలు భయపడవలసినది అమోనియాకే. పీహెచ్ ఒక అంకె పెరిగితే అందులోని విషపు భాగం దాదాపు పది రెట్లవుతుంది, సముద్రపు నీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుందని గుర్తుంచుకోండి. నవాసారం మోతాదు సగానికి తగ్గించి, సగం నీరు మార్చి, మరో రెండు వారాలు చూడండి. ఫాస్ఫేటు అంకె కూడా తెలియజేయండి.

బరంపురం_కొత్తతొట్టి | మార్చి 11

నీరు మార్చిన ఆరవ రోజున, అంటే నిన్న మార్చకముందు చూసిన ఫాస్ఫేటు 0.6 పీపీఎం.

రాయగడ_రసాయనం | మార్చి 11

ఎండు రాయికి ఇది ఆశ్చర్యం కాదు. ఆమ్లం జోలికి వెళ్లవద్దు, పెరిగిన బ్యాక్టీరియా అంతా పోతుంది. ఐరన్ ఆక్సైడు గుళికలను సంచిలో కట్టి పవర్‌హెడ్ ఎదురుగా ఉంచండి, పది రోజులకొకసారి గుళికలు మార్చండి. 0.1 కిందికి వచ్చి, వారంపాటు అక్కడే నిలబడితే చాలు.

జయపురం_చేప | మార్చి 12

ఇదంతా చదివాక నేను రాయి కొనడం వాయిదా వేసుకున్నాను. ముందు డ్రమ్ము, పరీక్ష సీసాలు, ఉప్పునీటి సాంద్రత కొలిచే రిఫ్రాక్టోమీటర్ సమకూర్చుకుంటాను.

బరంపురం_కొత్తతొట్టి | ఏప్రిల్ 6

నలభై తొమ్మిదవ రోజు. శనివారం రాత్రి తొమ్మిది గంటలకు డ్రమ్ములో 2 పీపీఎం అమోనియా వేశాను. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి పరీక్ష చేస్తే అమోనియా సీసా నిమ్మపండు పసుపులో ఉంది, నైట్రైటు సీసా లేత ఆకాశనీలంలో ఉంది. రెండూ సున్నాయే. నమ్మకం కుదరక మళ్లీ అదే మోతాదు వేసి ఈ రోజు చూశాను, మళ్లీ సున్నాలే వచ్చాయి. ఫాస్ఫేటు 0.08 దగ్గర ఎనిమిది రోజులుగా కదలలేదు. కెరటం అన్నయ్య ఇచ్చిన ముక్కకు ఆనుకుని ఉన్న రాయి అంచున గోరుతో గీకినా పోని గులాబీరంగు చుక్క ఒకటి కనిపిస్తోంది, ఆవగింజకంటే చిన్నది. నిన్న రాత్రి దీపాలు ఆర్పి టార్చి వేసి చూస్తే చీమ తలకాయంత తెల్లటి రొయ్యపిల్లల వంటివి రంధ్రాలలోంచి ఎగిరి దూకుతున్నాయి. అమ్మను పిలిచి చూపించాను, చాలాసేపు అక్కడే కూర్చుంది.

గోపాలపూర్_కెరటం | ఏప్రిల్ 6

వేసిన అమోనియా, దాని నుంచి పుట్టే నైట్రైటు రెండూ ఒక్క రోజులో సున్నా అయ్యాయి కాబట్టి మీ రాయి మాగింది. ఆ చుక్క కోరలైన్ అనే సున్నపు నాచు, ఆ దూకేవి ఆంఫిపోడ్లు అనే రొయ్యలాంటి చిరుజీవులు. ఇక రాయిని గాలికి ఎక్కువసేపు ఉంచకుండా, తడిగానే ఒక్కొక్కటిగా తొట్టిలోకి మార్చండి. డ్రమ్ము అడుగు మడ్డి తొట్టిలోకి రానివ్వవద్దు. చేపను ఒక్కదాన్నే తెచ్చుకోండి, రెండవది నెల తరువాతే.

బరంపురం_కొత్తతొట్టి | ఏప్రిల్ 7

ఉదయమే రాయి మార్చేశాను, నీరు గంటలోనే తేటపడింది. తొట్టి తిరిగి పాత గదిలోనే ఉంది. డ్రమ్మును మంచినీటితో రెండుసార్లు కడిగి డాబా మీద బోర్లించాను. జయపురం_చేప గారూ, మీరు వచ్చే ఆదివారం బరంపురం వస్తున్నారు కదా, డ్రమ్మూ పవర్‌హెడ్డూ మీరే తీసుకెళ్లండి, ఊలు సూది కూడా అందులోనే వేసి ఉంచుతాను.